రేకు మీద అరచెయ్యి

కొత్తపేటలో సత్యదుర్గ దగ్గర పాట రికార్డు చేయించుకోవాలంటే ముందు మీకు నడిచే ఓపిక ఉండాలి. ఎగతాళికి అనడం లేదు. రాజోలు నుంచి వచ్చిన భజన బృందమైనా, అమలాపురం నుంచి కారేసుకుని దిగిన పెద్దమనుషులైనా, పాడటం అయిపోగానే ఆ పిల్ల హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, "కాలవ గట్టు దాకా వెళ్ళొద్దాం రండి" అంటుంది. వాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ, "గట్టు మీద ఏవుందమ్మా?" అని అడుగుతారు.

"మీ పాట ఉందండి" అంటుంది.

గట్టుకి వెళ్ళేవాళ్ళెవరైనా మా టీ బడ్డీ ముందునుంచే వెళ్ళాలి. అందుకని ఈ సంగతులన్నీ నాకు తెలుసు. తెలియనివి అడిగి తెలుసుకున్నాను. అడగడానికి సిగ్గెందుకు?

సత్యదుర్గ మా ధర్మరాజు గారి కూతురు. ధర్మరాజు గారంటే మైకు సెట్టు ధర్మరాజు గారు. తొంభైల్లో మా చుట్టుపక్కల పెళ్ళి జరిగినా, ఎన్నికలొచ్చినా, గుడి దగ్గర తీర్థం జరిగినా కొబ్బరిచెట్టెక్కిన హారన్ ఆయనదే. ఆ హారన్ల పక్కనే ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని ఆయన చెవులు మెల్లమెల్లగా మూసుకుపోయాయి. చివరికి మనం గట్టిగా అరిస్తే సగం, మన పెదాలు చూసి సగం అర్థం చేసుకునేవారు. దాంతో ఆ ఇంట్లో రహస్యమన్నది లేకుండా పోయింది. ఆయన భార్య వీరాయమ్మ గారు పులుసులో ఉప్పు ఎక్కువైందని మొగుడికి చెబితే మా బడ్డీ దగ్గర టీ తాగేవాళ్ళు పాపం అనేవారు.

ఆయనకో పద్ధతి ఉండేది. చెవులు బాగున్న రోజుల్లో కూడా అదే పద్ధతి. హారన్ కట్టి, పాట పెట్టేసి, యాంప్లిఫయర్ని అలా వదిలేసి నడిచి వెళ్ళిపోయేవారు. ఎక్కడ మాట విరిగిపోతోందో అక్కడ ఆగేవారు. ఆగి, చుట్టూ ఉన్న మనుషుల మొహాలు చూసేవారు.

"పెదాలు చూడాలండి," అనేవారు నాతో. "తెలిసిన పాటైతే మనిషి పెదాలు ఊరుకోవు. వాడికే తెలీకుండా కదుల్తాయి. కదల్లేదంటే మాట అందలేదన్నమాటే. అప్పుడు హారన్ మొహం తిప్పాలి."

సత్యదుర్గ చిన్నప్పటినుంచీ ఆయన వెనకాలే నడిచేది. ఆడపిల్లకి ఈ చెట్లూ వైర్లూ ఎందుకని వీధిలో ఆడవాళ్ళు వీరాయమ్మ గారిని అడిగితే, "ఆయనకి వినపడదు, దానికి వినపడుద్ది. ఇద్దరూ కలిసి ఒక మనిషి" అనేవారావిడ.

ఆ పిల్ల ఇంటరయ్యాక రావులపాలెంలో కంప్యూటరు నేర్చుకుంది. రెండువేల నాలుగులో, మైకు సెట్టుకి పిలుపులు పల్చబడుతున్న రోజుల్లో, హారన్లు దాచే ముందుగదిని ఖాళీ చేయించి రికార్డింగ్ గది చేసింది. హైదరాబాదులో రికార్డింగ్ థియేటర్లో పనిచేసే మా వీధి వినయ్ సెలవులకి వచ్చి, పాట రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో ఎక్కించిపెట్టాడు. గోడలకేమో కొబ్బరిపీచు చాపలు కొట్టారు. మన దగ్గర పీచుకి కరువేముంది? పైనుంచి కిందదాకా, తలుపుతో సహా, గదంతా పీచే.

ఆ గదిలోకెళ్ళి తలుపేసుకుంటే మన గుండె చప్పుడు మనకి వినపడేది. పాడితే మాత్రం గోనెసంచిలో తలపెట్టి పాడినట్టుండేది. మోతన్నది పీచు మింగేసేది.

"అలాగే ఉండాలే దుర్గా," అన్నాడు వినయ్. "గదిలో మోత ఉంటే మనకి అక్కర్లేని మోత కూడా రికార్డయిపోద్ది. ముందు ఏ మోతా లేకుండా తీసుకుని, తరవాత మనకి కావలసింది కంప్యూటర్లో కలుపుకుంటాం. దాన్నే రివర్బ్ అంటారు."

"ఎకోయేగా?"

"కాదు. ఎకో అంటే నువ్వు ఓయ్ అంటే ఎదర గోడ కూడా ఓయ్ అనడం. రివర్బ్ అంటే నీ ఓయ్ గాల్లో కరిగిపోయేదాకా సాగడం."

కంప్యూటర్లో ఆ రివర్బ్‌లు ఒక వరస పేర్లతో ఉండేవి. చిన్న గది, పెద్ద హాలు, పెద్ద చర్చి, ప్లేటు. ఏది నొక్కితే పాట అందులో పాడినట్టు వినిపిస్తుంది. సత్యదుర్గ అన్నీ నొక్కి చూసి పెద్ద హాలు దగ్గర ఆగిపోయింది. ఎవరు ఆగరు? హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పాట ఆకాశంలోంచి దిగుతున్నట్టుండేది. నేను కూడా ఓసారి పెట్టుకున్నాను. స్టవ్వు మీద పాలు పొంగిపోయాయి.

ఆ గదికి మొదటి పెద్ద పని సీతారత్నం గారిది. ఆవిడ మా ఊరి ఆడవాళ్ళ భజన సమాజానికి పెద్ద. వాళ్ళింట్లో తరతరాలుగా వేదం చదువుకున్నవారు. ఈవిడకి మాత్రం పాటంటే ప్రాణం. సొంతంగా పాటలు కట్టి అందరికీ నేర్పుతారు. ఆ పాటల్లో పద్ధతేమిటంటే, ఆవిడ ఒక చరణం అనగానే జనమంతా దానికి వంత అందుకోవాలి. "ఆరు మోముల అందగాడా, ఆలకించి రావా" అని ఆవిడంటే, "రావా స్వామీ, మా ఊరికి రావా" అని జనం అనాలి. వంత లేకపోతే ఆ పాట సగమే.

షష్ఠి తీర్థానికి తన పాటలన్నీ డిస్కు చేయించాలని ఆవిడ అనుకున్నారు. ముందు ఒక్క పాట సత్యదుర్గ దగ్గర చేయించి, కార్తీక పౌర్ణమి నాడు హారన్లో వేయించి చూద్దామన్నారు. పాట తయారైంది. హెడ్‌ఫోన్లలో విని సీతారత్నం గారు కళ్ళొత్తుకున్నారు. వీరాయమ్మ గారూ ఒత్తుకున్నారు. ధర్మరాజు గారు మాత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తీసి, బయటికి వచ్చేశారు. ఆయనకి వినపడలేదనుకున్నాం.

పౌర్ణమి నాడు సాయంత్రం కాలవలో దీపాలు వదిలే వేళకి పాట వేశారు. హారన్ అంటేనే మోత. దానికి తోడు కాలవ నీళ్ళ మీద ఒక మోత, అవతల కొబ్బరితోటలో తగిలి తిరిగొచ్చే మోత. వీటి మీద సత్యదుర్గ కలిపిన పెద్ద హాలు. ఒక మాట తోక ఇంకో మాట నెత్తినెక్కి, వంత కోసం వదిలిన ఖాళీ కూడా మోతతో నిండిపోయింది. దీపాలు పట్టుకున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో వంత మొదలెట్టి, అప్పటికే పాట ముందుకెళ్ళిపోయిందని తెలిసి ఆపేశారు. ఆ తరవాత ఒక్కరి పెదాలూ కదల్లేదు.

వీరాయమ్మ గారి తమ్ముడు అప్పన్న రావులపాలెం నుంచి అదే వేళకి వచ్చి మా బడ్డీ దగ్గర కూర్చున్నాడు. "ఏవే కోడలు పిల్లా," అన్నాడు అందరూ వినేలా, "ఆవిణ్ణి నూతిలో దింపి పాడించేవా ఏటి? కాస్త తాడేసి పైకి లాగండర్రా!"

జనం నవ్వారు. సత్యదుర్గ యాంప్లిఫయర్ దగ్గర తలొంచుకుని నిలబడింది. సీతారత్నం గారు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి మెల్లగానే అన్నారు: "పాడింది నేనే, అందులో అనుమానం లేదమ్మా. ఏం పాడానో మాత్రం నాకూ తెలియలేదు."

ఆ మర్నాడు సత్యదుర్గ రోషంతో ఆ హాలూ గీలూ అంతా తీసేసింది. పొడిగా, గొంతొక్కటే ఉంచింది. గదిలో మర్చిపోయిన భజన తాళాల కోసం వచ్చిన సీతారత్నం గారికి ఆ పాట వినిపించింది. ఆవిడ కాసేపు విని కుర్చీలో కూర్చుండిపోయారు.

"ఇదేమిటమ్మా, నా ఆయాసం కూడా వినపడుతోంది. నేనింత ముసలిదాన్నైపోయానా?"

"అలా కాదండి అమ్మగారూ..."

"అంతేనమ్మా. ఉన్నదే కదా వినపడేది. పోనీలే. మావాళ్ళు రాజమండ్రిలో మాట్లాడతామంటున్నారు. షష్ఠి డిస్కు అక్కడ చేయించేస్తాం. నువ్వేం మనసులో పెట్టుకోకు."

ఆ మాట వీధి చివరిదాకా వెళ్ళకముందే అప్పన్న దగ్గరికి వెళ్ళింది. టేపు పట్టుకుని వచ్చి ముందుగది గోడలు కొలవడం మొదలెట్టాడు. రావులపాలెంలో అతనికి జిరాక్సు షాపుంది. మా ఊళ్ళో ఇంకోటి పెట్టాలని ఎప్పటినుంచో ఆశ. "బావా, ఆఫీసులకి దగ్గర, కాలేజీకి దగ్గర. ఈ పీచంతా పీకేసి మిషను పెట్టుకుంటే కోడలు పిల్ల నీడపట్టున కూర్చుంటుంది. పాటలెందుకు దీనికి?" అని ధర్మరాజు గారి మొహానికి ఎదురుగా నిలబడి, పెదాలు బాగా తిప్పుతూ చెప్పాడు.

ధర్మరాజు గారు అంతా చూశారు. "షష్ఠి దాకా ఆగు అప్పన్నా," అన్నారు. "షష్ఠినాడు మా అమ్మడి పాటకి జనం వంత పాడేరా, గది దానిది. పాడలేదా, నీది. పీచు నేనే పీకిస్తాను."

ఆయన మాటంటే మాటే. సత్యదుర్గకి అది తెలుసు. అప్పటికప్పుడు సీతారత్నం గారింటికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"అమ్మగారండి, రాజమండ్రి వెళ్ళేముందు ఒక్కసారి వినండి. ఈ ఆదివారం రండి. నచ్చకపోతే నేనే మీ బృందాన్ని బస్సెక్కిస్తాను."

"రెండుసార్లు విన్నాను కదమ్మా."

"రెండూ నా చెవులతో చేసేనండి. ఈసారి అలా చెయ్యను."

ఆవిడకి అర్థమైందో లేదోగానీ, "సరే, ఆదివారం వస్తాను" అన్నారు.

అక్కణ్ణుంచి ఆ పిల్ల సరాసరి మా బడ్డీ పక్కనున్న ఎస్టీడీ బూతుకి వచ్చి వినయ్‌కి ఫోను చేసింది. బూతు తలుపు సరిగా పడేది కాదు. అది నా తప్పు కాదు.

"హాలు వదిలెయ్ దుర్గా. హాలంటే నువ్వు పాట చుట్టూ ఇంకో పెద్ద భవనం కట్టడమే. నీకు బయట కాలవుంది, తోటుంది. ప్లేటు తీసుకో."

"ప్లేటంటే ఏటి అసలు? ఏ ప్లేటు?"

"ఇనపరేకే. పూర్వం కంప్యూటర్లు లేనప్పుడు పెద్ద పెద్ద స్టూడియోల్లో మనిషంత ఎత్తు పల్చటి రేకుని స్ప్రింగులతో ఫ్రేముకి వేలాడదీసేవారు. పాటని ఆ రేకులోకి పంపితే అది వణికేది. ఆ వణుకుని ఇంకోపక్కన పట్టుకుని పాటకి కలిపేవారు. మరీ ఎక్కువసేపు వణక్కుండా పక్కనే మెత్తటి పలకోటి. దగ్గరికి జరిపితే మోత తగ్గుద్ది, దూరం జరిపితే సాగుద్ది. నీ కంప్యూటర్లో ఉన్నది దాని నకలే."

ఈ సంగతి ఇంటికెళ్ళి తండ్రికి చెప్పింది. అంటే వీధంతటికీ చెప్పింది. ధర్మరాజు గారి మొహం వెలిగిపోయింది. ఆ హాలూ ఈ చర్చీ ఆయనకి ఎప్పుడూ బుర్రకెక్కలేదు. రేకు మాత్రం ఎక్కింది. వెంటనే సైకిలేసుకుని ఇనప కొట్టుకెళ్ళి పల్చటి రేకొకటి తెచ్చి, పాత సైకిలు సీట్ల స్ప్రింగులతో కొబ్బరికాయల కొట్టంలో దూలానికి వేలాడదీశారు.

మేమంతా చూడ్డానికి వెళ్ళాం. వేలితో రేకుని ఒక్కటి కొట్టారు. అది ఝుమ్మని సాగింది. ఆయనకి వినపడదుగా, అరచెయ్యి దగ్గరికి తీసుకెళ్ళి మెల్లగా ఆనించారు.

"ఇదిగో, ఇక్కడ వణుకుతోంది! అమ్మడూ, పూర్తిగా ఆనిస్తే చచ్చిపోయింది చూసేవా? ఇలా వేళ్ళ చివర్లతో ఆనిస్తే కొంచెం బతికింది. నువ్వు దానికి దగ్గరగా నిలబడి పాడు."

సత్యదుర్గ రేకుకి మొహం పెట్టి "ఆరు మోముల అందగాడా" అంది. రేకు సన్నగా పలికింది. తండ్రి చెయ్యి కాస్త ఆనించి, కాస్త తీసి, మళ్ళీ ఆనించి చూస్తున్నారు.

"కూతురేమో ఇనపరేక్కి పాట వినిపిస్తోంది, మొగుడేమో దాని నాడి చూస్తున్నాడు," అన్నారు వీరాయమ్మ గారు గుమ్మంలో చేటతో నిలబడి. "నేనెవరికి చెప్పుకోను తల్లీ!"

"రేక్కి జ్వరం తగ్గిందాండి ధర్మరాజుగారూ?" అని మర్నాడు బడ్డీ దగ్గర ఎవరో అడిగితే, ఆయన వాళ్ళ పెదాలు చూసి, "తగ్గుతోందండి, ఆయ్" అని తాపీగా టీ తాగారు.

ఇక అసలు పని మొదలైంది. హెడ్‌ఫోన్లు మేకుకి తగిలించేశారు. మైకు సెట్టు ఇంట్లో వైరుకి లోటేముంది? కంప్యూటర్ నుంచి యాంప్లిఫయర్‌కి, దాన్నుంచి వీధి దాటించి గట్టు మీద కొబ్బరిచెట్టుకి కట్టిన హారన్‌కి వైరు లాగేశారు. కాలవకి అవతల పీచు షెడ్డుంది. అక్కడ ఆడవాళ్ళు కూర్చుని తాళ్ళు పేనుతుంటారు. సీతారత్నం గారి పాటలు వాళ్ళకి కంఠతా వచ్చు. ధర్మరాజు గారు ఇవతల గట్టు మీద నిలబడి అవతలివాళ్ళ మొహాలు చూస్తారు. చేత్తో సైగ చేస్తారు. గది కిటికీలోంచి గట్టు కనపడదు. మా బడ్డీలోంచి రెండూ కనపడతాయి. కాబట్టి ఆయన సైగ చేస్తే నేను సత్యదుర్గకి అదే సైగ చెయ్యాలి. అరచెయ్యి కిందికి అదిమితే మోత తగ్గించమని. ఆ వారం నా టీ తాగినవాళ్ళకి పంచదార ఎక్కువో తక్కువో అయ్యుంటుంది.

ప్లేటు కూడా ఒక్కటి కాదట. కంప్యూటర్లో పొడుగు ప్లేటు, మెరుపు ప్లేటు, గొంతు కోసం చేసిన ప్లేటు, ఇలా చాలా ఉన్నాయి. మొదట పొడుగుది పెట్టింది. అవతల పెదాలు బిగుసుకుపోయాయి. ధర్మరాజు గారు అరచెయ్యి అదిమారు, నేనూ అదిమాను. సాగే తోకని సగానికి కోసింది. పెదాలు కదిలాయిగానీ వంత ఆలస్యంగా వస్తోంది. వాళ్ళు నోరు తెరిచేసరికి తరవాతి చరణం వచ్చేస్తోంది.

తరవాత మెరుపు ప్లేటు. గదిలో అది గాజుబొమ్మలా ఎంత బాగుందో! హారన్ అసలే కీచుమంటుందా, ఇది దానికి తోడై "స"లూ "ష"లూ సూదుల్లా గుచ్చాయి. అవతల ఒకావిడ తాడు వదిలేసి చెవి మూసుకుంది. కనకదుర్గ అని, షెడ్డులో అందరికంటే పెద్దనోరు, కాలవ దాటేలా కేకేసింది: "ధర్మరాజుగారూ! మావేం పాపం చేసేవండీ? ఆ బుసకొట్టే పావుని బుట్టలో పెట్టెయ్యండి బాబూ!"

ధర్మరాజు గారికి కేక అందలేదుగానీ, చెవి మీద చెయ్యి అందింది. తన చెవి పట్టుకుని చూపించారు. నేనూ నా చెవి పట్టుకున్నాను. బడ్డీ ముందు నిలబడ్డ కండక్టరు, "ఎవరికండీ క్షమాపణ?" అన్నాడు.

అలా ఒక్కొక్కటీ దిద్దుకుంటూ వచ్చింది. గొంతు కోసం చేసిన మామూలు ప్లేటు తీసుకుంది. దాని పై మెరుపు కాస్త కోసింది. కింద గుయ్యిమనే బరువు తీసేసింది. అది కాలవ ఎలాగూ ఇస్తోంది కదా. తోకని ఇంకా పొట్టి చేసింది. అయినా వంత దగ్గర ఏదో తట్టుకుంటోంది. కంప్యూటర్ కూడా మధ్యమధ్యలో బిగుసుకుపోయి, మళ్ళీ మొదటినుంచీ పెట్టుకోవలసి వచ్చేది. కరెంటు సంగతి సరేసరి.

శనివారం మధ్యాహ్నానికి విసుగొచ్చి గదిలోంచి బయటికొచ్చేసింది. కొట్టంలో రేకు దగ్గర తండ్రి ఉన్నారు.

"నాన్నా, అన్నీ తగ్గించేసేను. ఇంక తగ్గించడానికేం లేదు. పీచు షెడ్డోళ్ళు ఇంకా తడుముకుంటున్నారు. వదిలేద్దాం."

ఆయన కూతురి పెదాలు చూసి, రేకుని వేలితో తట్టారు. "దీన్ని నేను కొట్టేను కదా. కొట్టగానే పలికిందా?"

"పలికింది."

"కాదు. చేత్తో చూడు. ముందు దెబ్బ. ఆ తరవాతే వణుకు. మధ్యలో కళ్ళు ఆర్పినంత ఖాళీ ఉంది. నీ పాటలో ఆ ఖాళీ ఉందా?"

సత్యదుర్గ రేకు మీద అరచెయ్యి పెట్టి చూసింది. తండ్రి కొట్టారు. మళ్ళీ కొట్టమంది. ఆ ఖాళీ నిజంగా దాని చేతికి తగిలిందో, తగలాలని తగిలిందో నాకు తెలీదు. పరిగెత్తుకుంటూ గదిలోకి వెళ్ళింది. మాటకీ దాని మోతకీ మధ్య ఎడం పెట్టే మీట ఒకటి ఆ ప్లేటులోనే ఉందట. అప్పటిదాకా అది సున్నా మీదే ఉంది. దాన్ని కొంచెం జరిపింది.

మాట ముందు వచ్చి కూర్చుంది. మోత దాని వెనకాల, దూరంగా, చెప్పులు విప్పుకుని వచ్చినట్టు వచ్చింది.

అవతల గట్టు మీద చేతులు తాళ్ళు పేనుతూనే ఉన్నాయి. కనకదుర్గ తలెత్తకుండానే, "రావా స్వామీ, మా ఊరికి రావా" అంది. పక్కావిడ అంది. షెడ్డంతా అంది. ధర్మరాజు గారు తువ్వాలు తీసి గాల్లోకి ఊపారు. నేను చేతిలో ఉన్న టీ గుడ్డే ఊపాను.

ఆదివారం సీతారత్నం గారు రాగానే సత్యదుర్గ ఆవిణ్ణి గదిలోకి తీసుకెళ్ళలేదు.

"అమ్మగారూ, కాలవ గట్టు దాకా వెళ్ళొద్దాం రండి."

"ఈ వయసులో గట్టెక్కమంటావుటే?" అంటూనే ఎక్కారు. పాట మొదలైంది. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. మొదటి వంత అవతలినుంచి రాగానే ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. తరవాత చరణానికి తన పాటకి తనే వంత అందుకున్నారు.

"నా ఆయాసం ఏమైందమ్మా?"

"అందులోనే ఉందండి. ఆ వణుకు దానికి కాస్త చీర కప్పింది."

ఆవిడ నవ్వారు. మురిసిపోయారు. మురిసిపోయి, అందరూ అడిగేదే అడిగారు: "బాగుంది. ఇంకొంచెం మోత పెంచవూ? కాస్త గుళ్ళో పాడినట్టుంటుంది."

కాదంటే ఆవిడ రాజమండ్రి బస్సెక్కొచ్చు. సరేనంటే మళ్ళీ పౌర్ణమే.

"వద్దండి అమ్మగారూ. పెంచితే మీకు బాగుంటది. వీళ్ళకి చోటుండదు."

సీతారత్నం గారు అవతల షెడ్డు వైపు చూశారు. "అయితే మావాళ్ళకి చెప్పాలి," అన్నారు, చెప్పులేసుకుంటూ. "రాజమండ్రి ప్రయాణం లేదని."

మిగతా పాటలన్నీ ఆ వారమే పాడారు. అప్పన్న మాత్రం వదల్లేదు. "తాళ్ళు పేనేవాళ్ళు పాడేరని సంబరపడకండి బావా. తీర్థంలో పాడాలి. అక్కడ ఎవడి గోల వాడిది" అన్నాడు. అందులో అబద్ధమేం లేదు.

షష్ఠినాడు గుడి ముందునుంచి కాలవ దాకా ఇసకేస్తే రాలని జనం. జీళ్ళ కొట్లు, గాజుల కొట్లు, రంగులరాట్నం, పిల్లల బూరలు. సత్యదుర్గ యాంప్లిఫయర్ దగ్గర నిలబడి డిస్కు పెట్టింది. ధర్మరాజు గారు హారన్ల చివర, మాట విరిగిపోయే చోట, గుడికి వీపు పెట్టి జనానికి ఎదురుగా నిలబడ్డారు.

"ఆరు మోముల అందగాడా, ఆలకించి రావా."

వంత రాలేదు. జీళ్ళు బేరమాడేవాళ్ళు బేరమాడుతూనే ఉన్నారు. పక్కనే అప్పన్న జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ జేబులో గోడలు కొలిచే టేపుందని నాకు తెలుసు. సత్యదుర్గ చెయ్యి యాంప్లిఫయర్లో ఎకో పెంచే బటన్ మీదికి వెళ్ళింది. వెళ్ళి, ఆగింది. దాన్ని ముట్టుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకుని చున్నీలో చుట్టేసుకుంది.

రెండో చరణం. పాట ఆగిన ఆ ఖాళీలో, జీళ్ళ కొట్టు ముందు పొట్లం కట్టించుకుంటున్న ఓ ముసలావిడ, కొట్టువాడితో మాట్లాడుతున్నదల్లా మధ్యలో ఆపి, "రావా స్వామీ" అంది. ఆవిడ వెనకాల పిల్లనెత్తుకున్నావిడ "మా ఊరికి రావా" అని పూర్తి చేసింది. మూడో చరణానికి గాజుల కొట్ల దగ్గర అందుకున్నారు. నాలుగో దానికి క్యూలో ఉన్నవాళ్ళంతా అందుకున్నారు. సీతారత్నం గారు మెట్ల మీద కూర్చుండిపోయి తాళం వెయ్యడం మర్చిపోయారు. రంగులరాట్నం తిప్పేవాడు కూడా తిప్పుతూ పాడుతున్నాడు.

సత్యదుర్గ జనాన్ని చూడలేదు. తండ్రిని చూసింది. అంత దూరంలో ఆయన తువ్వాలు భుజం మీదే ఉంది. ఊపలేదు. జనం మొహాలు చూస్తూ నిలబడ్డ ఆయన పెదాలు కూడా వాళ్ళతోపాటు కదులుతున్నాయి. ఒక్క ముక్క వెనకబడకుండా.

పీచు అలాగే ఉంది, గది అలాగే ఉంది. రేకు కొట్టంలోంచి గదిలోకి మారింది. అప్పన్న జిరాక్సు షాపు మా బడ్డీ అవతల వేరే గదిలో పెట్టుకున్నాడు, బాగానే నడుస్తోంది. షాపు తెరిచే ముందు ఆటోలో తిప్పడానికి ప్రకటన రికార్డు చేయించుకోవాలని కోడలి దగ్గరికే వచ్చాడు. గొంతు సవరించుకుని, మైకు ముందు నిలబడి చదివేశాడు.

"అయిపోయిందా కోడలు పిల్లా? కాస్త ఎకో గట్టిగా వెయ్యి. రావులపాలెం దాకా అదిరిపోవాలి."

సత్యదుర్గ హెడ్‌ఫోన్లు తీసి మేకుకి తగిలించింది.

"చెప్పులేసుకో మావయ్యా," అంది. "గట్టు దాకా వెళ్ళొద్దాం."